చావుకి ముందు కోటేశు

నా సిద్ధాంత గ్రంథంలో కోటేశు లేడు, అతని ఊరు మాత్రమే ఉంది. దళిత కవిత్వానికి నేపథ్యం చెబుతూ కంచికచర్ల 1968, కారంచేడు 1985, నీరుకొండ 1987, చుండూరు 1991 అని వరసగా రాసుకుంటూ పోయాను. డాక్టరేట్ వచ్చింది. చాలాకాలం తర్వాత విజయవాడ నుంచి జగ్గయ్యపేట వెళ్తున్న బస్సు కంచికచర్లలో ఆగింది. కోటేశు ఈ దారుల్లోనే నడిచి ఉంటాడు కదా అనిపించింది. అతను నడిచిన మనిషని నాకు అంతవరకూ తట్టనేలేదు. సిగ్గేసింది.

దొంగతనం అంటగట్టి, కట్టేసి, కిరోసిన్ పోసి అతన్ని బతికుండగానే తగలబెట్టారు. ఆ ఘోరం అసెంబ్లీ దాకా వెళ్లింది. మనం చెప్పుకునే కోటేశు కథ ఆరోపణతో మొదలై మంటతో ముగుస్తుంది. ఆ రెండూ చంపినవాళ్లవే. అంటే అతని జీవితచరిత్రని వాళ్ల చేతికే వదిలేశామన్నమాట.

స్త్రీలకి ఇది కొత్త కాదు. కట్నం కోసం కాల్చేసిన ఆడపిల్లల్ని కూడా స్టవ్వు, కిరోసిన్, మరణ వాంగ్మూలంగానే గుర్తుపెట్టుకున్నాం. న్యాయం కోసం సాక్ష్యం కావాలి, నిజమే. కానీ సాక్ష్యమే మనిషి కాదు.

ఇంకో పొరపాటు కూడా చేస్తాం. అతను నిర్దోషి అని చెప్పడానికి తొందరపడతాం. దొంగతనం చేసే ఉంటే మాత్రం? బతికే హక్కు మంచితనానికిచ్చే బహుమతి కాదు కదా.

కంచికచర్లలోనే 1964లో పుట్టిన కలేకూరి ప్రసాద్ అప్పటికి మూడు నాలుగేళ్ల పసివాడు. పెద్దయ్యాక 'పిడికెడు ఆత్మగౌరవం కోసం' కవితలో కోటేశు పేరునే తన పేరుగా చెప్పుకున్నాడు. వరకట్నానికి బలైన స్త్రీల కోసం పాట రాసిందీ ఆయనే. కాలిపోయిన యువకుడి ఊరివాడు కాలిపోయిన ఆడపిల్లనీ తన మనిషే అనుకున్నాడు. చనిపోయినవాళ్ల పేరుతో బతకడం కూడా ఒక జ్ఞాపకమేనని నాకు ఆయన వల్ల తెలిసింది. 2013లో, ఏభై నిండకుండానే పోయిన ఆయన్ని కూడా "అకాల మరణం" అన్న రెండు మాటల్లో ముగించడం నాకిష్టం లేదు.

ఇప్పుడు పాఠం చెప్పేటప్పుడు ఆ ఊళ్ల పేర్లు గబగబా చదివెయ్యను. మొదటి పేరు దగ్గర ఆగుతాను. ముందు రోజు పొద్దున కోటేశు ఏ పనికి బయల్దేరి ఉంటాడు, ఇంట్లో ఎవరితో ఏం చెప్పి ఉంటాడు అని పిల్లల్ని అడుగుతాను. ఎవరూ మాట్లాడరు. కానీ అప్పటిదాకా తలొంచుకుని నోట్సు రాసుకుంటున్నవాళ్లు తలెత్తి చూస్తారు.