కీర్తి వెల – చదువు విలువ

ఒక్క చిత్రానికి కోట్లు తీసుకునే నటుడి ముందు ఎం.ఏ. డిగ్రీ ఏపాటిది? ఈనాడు కళాశాలల్లో ఈ ప్రశ్న తరచుగా వినిపిస్తున్నది. దీన్ని కుర్రతనమని కొట్టిపారేసే అధ్యాపకులు లేకపోలేదు. నేనలా అనుకోను. మనిషిని గొప్పవాడని దేన్నిబట్టి అంటున్నామన్న నైతిక విచారణ ఇందులో ఇమిడివున్నది.

2024 మే 11న, పోలింగుకు రెండు రోజుల ముందు, నటుడు అల్లు అర్జున్ తన మిత్రుడైన శాసనసభ అభ్యర్థికి మద్దతుగా మా నంద్యాల వచ్చాడు. వీధులు పట్టనంత జనం పోగయ్యారు. నిషేధాజ్ఞలు ఉల్లంఘించారని పోలీసులు కేసు పెట్టారు. ఆ నవంబరులో హైకోర్టు దాన్ని కొట్టివేసింది. ఇదంతా యువకుల పిచ్చి అని ఈసడించడం సులభం. కాని ఆ ఎన్నికలో ఆ అభ్యర్థి ఓడిపోయాడు. జనం చూడవచ్చినంత మాత్రాన చెప్పినట్లు వింటారని కాదు. యువతరం గొర్రెలమంద కాదు.

మరి ఎందుకు వస్తారు? తన పేరు వీధి దాటి ఎవరికీ తెలియని కుర్రవాడు, లోకమంతా తెలిసిన పేరుకు దగ్గరగా కాసేపు నిలబడి తానూ ఒక మనిషినే అనిపించుకోవాలనుకుంటాడు. ఆ ఆశలో తప్పు లేదు. తప్పంతా ఆ ఆశను సరుకుగా మార్చి అమ్ముకునే వ్యాపారంలో వున్నది. మొదటి ఆట చూడటమే ఘనకార్యమని నమ్మించడం దానికి లాభం. 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాదు సంధ్య థియేటరు దగ్గర 'పుష్ప 2' ముందస్తు ప్రదర్శన సందర్భంగా తొక్కిసలాట జరిగింది. ఒక తల్లి చనిపోయింది. ఆమె కొడుకు ప్రాణాపాయ స్థితిలో ఆస్పత్రి పాలయ్యాడు. కీర్తికి వెల కట్టేది దాన్ని అనుభవించేవారు కారు.

ఈ కీర్తి చరిత్రకు కూడా తన ముఖం తొడుగుతుంది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో కుంపిణీ ప్రభుత్వంపై తిరగబడ్డాడు. 1847లో అతన్ని కోవెలకుంట్లలో ఉరితీశారు. 2019లో 'సైరా' చిత్రం వచ్చాక ఆ పేరు చెప్పగానే విద్యార్థుల కళ్ళముందు మెదిలేది చిరంజీవి. సినిమా ఆ పేరును ఇంటింటికీ చేర్చిన మాట కాదనను. కాని ఇనాము భూములు పోగొట్టుకున్న కట్టుబడులు అతని వెంట ఎందుకు నడిచారో తెలియాలంటే చదవాలి. తెర వీరుణ్ణి చూపుతుంది. చదువు వీరుడి వెనక నిలిచిన మనుషులను చూపుతుంది.

అలా వెనక నిలిచినవారు మన చుట్టూ ఎందరో వున్నారు. ఆళ్లగడ్డలో చెక్కిన విగ్రహాలకు మొక్కేవారిలో చెక్కినవాడి పేరు అడిగేదెవరు? నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానంలో 'ధీర' అనే శనగ రకాన్ని రూపొందించారు. మొక్క నిటారుగా ఎదుగుతుంది కనుక యంత్రంతో కోయవచ్చు. ఈ ధీరుణ్ణి సృష్టించిన శాస్త్రజ్ఞుల పేర్లు మన విద్యార్థుల్లో ఎందరికి తెలుసు? ఆ యంత్రం వల్ల కోతకూలీ పని పోతే ఏం చెయ్యాలని అడిగేవారు కూడా కావాలి. అలా అడగటం నేర్పేదే చదువు.

అయితే చదువుల సంతలోనూ తారలు వెలిశారు. పరీక్షాఫలితాలు రాగానే పత్రికల నిండా, కూడళ్ళలో ఫ్లెక్సీల నిండా ర్యాంకుల ముఖాలే. ఆ ముఖం వెనక తప్పినవాడు, మధ్యలో మానేసినవాడు కనిపించడు. చదువును జీతంతో తూచమని నేర్పినవారికి, నటుడి కోట్లు చూసి చదువు దండగ అనే పిల్లవాణ్ణి తప్పుపట్టే హక్కు లేదు. ఇద్దరి చేతిలోనూ వున్నది ఒకే తక్కెడ. ఆ తక్కెడలో చదువు ఎప్పుడూ తేలిపోతుంది.

వెల వేరు, విలువ వేరు. వెలను సంత నిర్ణయిస్తుంది. ఒక పని ఎవరి చెమటతో జరిగింది, ఎవరికి ఉపయోగపడింది అని విచారిస్తేనే విలువ తేలుతుంది. ఆ విచారణ చేయగల శక్తినివ్వడమే విద్య పరమార్థం. ఉద్యోగం అవసరమే కాని అది పరమార్థం కాదు.

అందుచేత యువకులను సినిమాలు చూడవద్దనడం మన పని కాదు. చూసిన సినిమాను తరగతిలో చర్చకు పెట్టాలి. శిల్పి దగ్గరకు, కోతకూలీ దగ్గరకు, పరిశోధకుల దగ్గరకు విద్యార్థులను పంపి, వారి కథలు రాయించాలి. కనీసం ఆ పనులు చేసేవారి పేర్లయినా మన పిల్లలకు తెలియాలి.