కథలో నిర్ణయం ఎవరిది?

ఒక సినిమా మనల్ని తిడితే తప్పని అందరూ ఒప్పుకుంటారు. మరి పొగిడితే? అమాయకులు, అబద్ధం తెలియనివాళ్లు, అడవితల్లి బిడ్డలు అని ప్రేమగా చూపిస్తే అందులో అన్యాయం ఉంటుందా? ఉండొచ్చని మేము అనుకుంటున్నాం. ఎందుకో మేము చూసిన కొన్ని సినిమాలు, సీరియళ్ల మీద మా అభిప్రాయాలు చెబుతూ వివరిస్తాం.

మేమంటే సున్నిపెంట చుట్టుపక్కల చెంచు కుటుంబాల్లో పుట్టి, టీచర్ ట్రైనింగ్ చేసి, మా పిల్లలకే పాఠాలు చెబుతున్నవాళ్లం. మా ఊరి పేరు విని బయటివాళ్లు కొందరు నవ్వుతారు. వాళ్ల తెలుగులో పెంట అంటే చెత్తకుప్ప. మాకు పెంట అంటే నాలుగు గుడిసెలు, నీటి చెలమ, మనవాళ్లు ఉండే చోటు. ఒకే మాట, చూసే చోటును బట్టి రెండు అర్థాలు. సినిమాలోనూ ఇదే జరుగుతుంది. కెమెరా ఎక్కడ నిలబడిందో దాన్నిబట్టే మనం కనబడతాం.

ముందుగా ఆ "అమాయకులు" అనే మాట సంగతి చూద్దాం. మా పెద్దలు కొండచరియ మీద తేనె తీసేటప్పుడు తాడు కట్టుకుని కిందికి దిగుతారు. పైన తాడు పట్టుకునేది బావమరిది. తన అక్కో చెల్లెలో ముండమోయాలని ఎవడూ కోరుకోడు కదా, అందుకని. ఏ చరియ, ఏ నెల, గాలి ఎటు, పొగ ఎంత, తాడు ఎవరి చేతిలో ఉండాలి అని ఇన్ని నిర్ణయాలు తీసుకుంటే గానీ ఒక్క తేనెపట్టు ఇంటికి రాదు. అమాయకుడు ఆ పని చేస్తే ఆ రోజే చచ్చిపోతాడు. అడవిలో బతకడం అంటే రోజంతా ఆలోచించి తేల్చుకోవడమే. కాబట్టి మనిషిని గౌరవించడం అంటే అతను ఆలోచించగలడని, తన సంగతి తాను తేల్చుకోగలడని ఒప్పుకోవడం. ఆ మాట ఒప్పుకోకుండా ఎంత పొగిడినా అది గౌరవం కాదు, పెంపుడు జంతువును నిమిరినట్టు ఉంటుంది.

అందుకే ఏ సినిమా చూసినా మేము అడిగే ప్రశ్న ఒక్కటే. ఈ కథలో నిర్ణయం ఎవరిది?

ఇంటి దగ్గరి కథతో మొదలుపెడదాం. ఆళ్లగడ్డ దగ్గర అహోబిలం ఉంది. అక్కడి నరసింహస్వామి మన చెంచులక్ష్మిని పెళ్లాడాడు. సంక్రాంతి తర్వాత పారువేట ఉత్సవంలో స్వామి పల్లకి సుమారు నలభై రోజులు ఊరూరా తిరుగుతుంది, తన పెళ్లికి రమ్మని జనాన్ని పిలవడానికి. ఈ కథతో 1943లో ఒకసారి, 1958లో మరోసారి సినిమా వచ్చింది. రెండోదానికి బి.ఎ. సుబ్బారావు దర్శకుడు. అంజలీదేవి, అక్కినేని నాగేశ్వరరావు నటించారు. అందులోని ఈకలు, పూసలు, గూడెం వేషాలు చూస్తే మాకు నవ్వొస్తుంది. ఏ చెంచు ఇంట్లోనూ అలాంటివి లేవు. అయినా ఒక్క విషయంలో ఆ పాత సినిమాకు మార్కులు వేయాలి. పిల్ల కావాలంటే ఆ దేవుడంతవాడు అడవి పనులు నేర్చుకోవాలి, చెట్లెక్కాలి. పరీక్ష పెట్టేది పిల్ల, పాసవ్వాల్సింది స్వామి. వేషం అబద్ధమే గానీ నిర్ణయం మాత్రం చెంచు అమ్మాయిదే.

ఇక 2022లో వచ్చిన ఆర్ఆర్ఆర్. మా హాస్టల్ పిల్లలు ఎన్నిసార్లు చూశారో లెక్కలేదు. 2023లో నాటు నాటు పాటకు ఆస్కార్ వచ్చినప్పుడు మాకూ సంతోషమే. కొమురం భీం పేరు ప్రపంచమంతా వినబడింది. ఎన్టీఆర్ కష్టపడి నటించాడు. కానీ చివరి సన్నివేశం చూడండి. ఏం కావాలని రామరాజు అడుగుతాడు. భీం చదువు కావాలంటాడు, తనకూ తనవాళ్లకూ. అప్పుడు జెండా మీద జల్, జంగల్, జమీన్ అని రాసేది రామరాజు.

చరిత్రలో భీం 1940లో జోడేఘాట్ దగ్గర నిజాం పోలీసుల తుపాకులకు బలయ్యాడు. అతని జీవితకథల్లో చెప్పేదాని ప్రకారం, చంద్రాపూర్‌లో ఒక అచ్చాఫీసు యజమాని దగ్గర పనిచేస్తూ చదవడం రాయడం నేర్చుకున్నాడు. అస్సాం తేయాకు తోటల దాకా వెళ్లి వచ్చాడు. గోండు గూడేలకు స్వయంపాలన కావాలని నిజాం ప్రభుత్వాన్ని అడిగాడు. జల్, జంగల్, జమీన్ అన్న నినాదాన్ని జనం భీం పేరుతోనే చెప్పుకుంటారు. తనంతట తాను అక్షరాలు సంపాదించుకున్న మనిషిని సినిమా అక్షరాలు అడుక్కునేవాడిగా చేసింది. అతని నినాదాన్ని ఇంకొకరి చేతి రాతగా చూపించింది. అల్లూరిని తక్కువ చేయాలని మేము ఈ మాట అనడం లేదు. ఆయన మన్యం కోసం ప్రాణమిచ్చాడు. మా బాధ వేరు. మా తరగతిలో పిల్లవాడు ఆ సినిమా చూసి, బలం మనది, తెలివి వాళ్లది అని నేర్చుకుంటే మేము రోజూ చెప్పే పాఠం ఏమవుతుంది?

భీం మీద అల్లాణి శ్రీధర్ 1990లోనే ఒక సినిమా తీశారు. అది థియేటర్లకు రావడానికి 2010 దాకా పట్టింది. ఏ కథ మన దాకా రావాలి అన్నది కూడా మన చేతిలో లేని నిర్ణయమే.

2022లోనే అల్లరి నరేష్ 'ఇట్లు మారేడుమిల్లి ప్రజానీకం' వచ్చింది. ఎన్నికల డ్యూటీకి ఏజెన్సీకి వెళ్లిన ఒక మాస్టారి కథ. వంతెన లేదు, బడి లేదు, ఆసుపత్రి లేదు. మోసుకెళ్తుండగా దారిలోనే కాన్పయిన తల్లుల సంగతి మన ప్రాంతాల్లో కొత్తగా చెప్పాలా? ఆ కష్టాన్ని నిజాయితీగా చూపారు. ఓటు వేయం అని తేల్చుకున్నది గూడెం జనమే, అది బాగుంది. కానీ సగం దాటాక వాళ్లను ముందుండి నడిపించేది పైనుంచి వచ్చిన మాస్టారే. అదే గూడెంలో చదువుకుని అదే గూడెంలో పనిచేస్తున్న టీచరు ఒక్కరైనా ఆ కథలో ఉంటే ఎంత బాగుండేది!

2021లో వచ్చిన జై భీమ్ మాకు వీటన్నిటికన్నా నచ్చింది. మొదట్లోనే జైలు గేటు దగ్గర విడుదలైనవాళ్లను కులం అడిగి వేరు చేస్తారు. కొందరిని ఇంటికి పంపుతారు, కొందరిని వేరే కేసుల కోసం పోలీసులకు అప్పజెబుతారు. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1952లో రద్దు చేశారని మేము పుస్తకంలో చెబుతాం. ఆ బుద్ధి రద్దు కాలేదని ఆ ఒక్క సీను చెబుతుంది. పోస్టరు మీద సూర్య ఉన్నాడు, కోర్టులో వాదించేదీ అతనే. కానీ పెద్ద పోలీసు అధికారి డబ్బిస్తామంటే వద్దని లేచి వచ్చేది సెంగేణి. ఆమె సరే అనుంటే కథ అక్కడే అయిపోయేది. లాయరు తాడు పట్టుకున్నాడు, చరియ దిగింది ఆమె. ఆ వేషం వేసిన లిజోమోల్ జోస్ ఇరుల అమ్మాయి కాదు, కేరళ నటి. ఈ లోటు లోటే. అయినా కథ ఆమె నిర్ణయం మీద నిలబడింది.

దీని పక్కన 2023 నాటి టైగర్ నాగేశ్వరరావును పెట్టి చూడండి. 1991లో చిరంజీవి 'స్టువర్టుపురం పోలీస్ స్టేషన్' కాలం నుంచీ ఆ ఊరి పేరు చెబితే జనానికి దొంగతనమే గుర్తొస్తుంది. తెల్లదొరలు ఎరుకలను కట్టడి చేయడానికి పెట్టిన సెటిల్‌మెంటు అది. ఆ ఊళ్లోనూ చదువుకున్నవాళ్లు, ఉద్యోగాలు చేసేవాళ్లు ఉన్నారు. రవితేజ సినిమా టీజరు రాగానే తమ ఊరినీ జాతినీ కించపరుస్తోందని హైకోర్టు మెట్లెక్కారు. ఒక దొంగ కథ తీయడం తప్పు కాదు. ఆ దొంగతో పాటు ఊరు ఊరినే నిలబెట్టడం తప్పు. ఆ ఊరి పిల్లవాడు ఇంటర్వ్యూలో తన ఊరి పేరు చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం ఆగితే ఆ క్షణం ఖరీదు ఏ నిర్మాత కడతాడు?

సీరియళ్లలో మనం దాదాపు లేము. అయినా 2017 నుంచి 2023 దాకా నడిచిన కార్తీకదీపం మా ఆడవాళ్లు విడవకుండా చూశారు. నల్లగా ఉందని దీపను చిన్నచూపు చూస్తుంటే వాళ్లు తమను తాము చూసుకున్నారు. నటికి నల్లగా మేకప్ వేశారు, సరే. ఏళ్ల తరబడి అనుమానం, ఏడుపు సాగదీశారు, అదీ నిజమే. కానీ దీప మొగుడి గడప దిగి, వంటలు చేసుకుని బిడ్డను పెంచింది. మావాళ్లు ఆమెను డాక్టరు బాబు భార్య అనలేదు, వంటలక్క అన్నారు. ఎందుకో ఆలోచిస్తే అక్కడా మా ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

సినిమాను సినిమాలా చూడాలి సార్, ఇంత తవ్వడం ఎందుకు అని యువకులు అడుగుతారు. పెద్దవాళ్లకు ఆ మాట చెల్లుతుంది. వాళ్లకు అడవి తెలుసు, తెర తెలుసు, తేడా తెలుసు. మైదానం పిల్లవాడికి మాత్రం చెంచు అంటే తెరమీది చెంచే. కర్నూలులోనో నంద్యాలలోనో కాలేజీలో చేరిన మా పిల్లను పక్కపిల్ల "మీరు ఇంకా ఆకులు కట్టుకుంటారా?" అని అడిగేది ఆ తెర చూసే.

అలాగని మన కథ మనమే చెప్పాలి, ఇంకెవరూ ముట్టుకోకూడదు అనడం కూడా మాకు సరిగా తోచదు. అలా అంటే చెంచు టీచరు సుగాలి తండా గురించి ఒక్క ముక్క రాయకూడదు. ఎవరైనా చెప్పొచ్చు. చెప్పేముందు వచ్చి మాతో కూర్చోవాలి. మా నిర్ణయాలను మాకే ఉంచాలి.

ఈ కొలత మన బడికీ పెట్టాలి. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం అనగానే చాలాచోట్ల పిల్లలకు ఆకులు కట్టి, ముఖానికి రంగు పూసి, విల్లు చేతికిచ్చి స్టేజీ ఎక్కిస్తారు. మాటలు టీచరు రాస్తాడు, పిల్లలు అప్పజెబుతారు. అప్పుడు మనమూ ఆ సినిమావాళ్లమే. వచ్చే ఆగస్టుకు ఏం ఆడాలి, ఏం కట్టుకోవాలి, ఏ కథ చెప్పాలి అని పిల్లలనే అడగండి. వాళ్లు ప్యాంటు చొక్కా వేసుకుని రేషను డిపో కథ ఆడతామంటే ఆడనివ్వండి. విల్లే కావాలంటే ఆ విల్లు ఎలా వంచుతారో ఇంట్లో తాతను అడిగి రమ్మనండి.

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీ చేతుల్లో ఫోన్లున్నాయి. ఈ ఎండాకాలం మీ పెంటలో తేనెకు వెళ్లేటప్పుడు తాడు పేనడం దగ్గర్నుంచి తీయండి. తీసేముందు తాడు పట్టుకునే మామను అడగండి. వద్దంటే ఆపేయండి.