యుద్ధకారణం, యుద్ధబాధ్యత: 1914 జూలై పరిణామాలపై ఒక పరిశీలన

మొదటి ప్రపంచ యుద్ధ కారణాలను పాఠ్యగ్రంథాలు సాధారణంగా రెండుగా విభజిస్తాయి. కూటముల వైరం, ఆయుధపోటీ, సామ్రాజ్యకాంక్ష, జాతీయోన్మాదం దీర్ఘకాలిక కారణాలు. 1914 జూన్ 28న సరయేవోలో ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ హత్య తక్షణ కారణం. ఈ విభజనలో అసత్యం లేదు గాని, ఒక లోపం ఉంది. దీర్ఘకాలిక కారణాలకు నిర్దిష్టమైన కర్త కనిపించడు. తక్షణ కారణానికి కర్త పందొమ్మిదేళ్ళ గవ్రిలో ప్రిన్సిప్. ఈ రెండింటి నడుమ, అయిదు వారాలపాటు నిర్ణయాలు తీసుకొన్న పాలకులు నైతిక విచారణకు అందకుండా పోతున్నారు.

ఘటోత్పత్తిలో మట్టి సమవాయి కారణమనీ, కుమ్మరి నిమిత్త కారణమనీ మన తర్కశాస్త్రం వేరుచేసింది. మట్టి ఉన్నంతమాత్రాన కుండ పుట్టదు. ఇవే కూటములు, ఇవే ఆయుధాలు 1912-13 నాటి బాల్కన్ యుద్ధకాలంలోనూ ఉన్నాయి. అప్పుడు లండన్‌లో రాయబారులు సమావేశమై చర్చించారు. మహారాజ్యాల నడుమ యుద్ధం రాలేదు. కనుక 1914లో అదనంగా చేరినదేమిటో వెదకాలి.

జూలై 5న జర్మన్ చక్రవర్తి విల్హెల్మ్ ఆస్ట్రియాకు పూర్తి మద్దతు హామీ ఇచ్చాడు. 23న ఆస్ట్రియా 48 గంటల గడువుతో సెర్బియాకు తుది షరతులు పంపింది. సెర్బియా వాటిలో అధికభాగాన్ని అంగీకరించింది. ఆ జవాబును 28న చదివిన విల్హెల్మ్, ఇక యుద్ధానికి హేతువు లేదని భావించాడు. అదే రోజు ఆస్ట్రియా యుద్ధం ప్రకటించింది. రష్యా చక్రవర్తి రెండవ నికొలాస్ సర్వసైన్య సమీకరణ ఉత్తర్వును 29న రద్దుచేసి, మరునాడే తిరిగి అనుమతించాడు. ఒకసారి ఆపగలిగిన చేతికి రెండవసారి ఆపే శక్తి లేదనడం పొసగదు.

దీనికి ఒక బలమైన ఆక్షేపణ ఉంది. ఆగస్టు 1న సేనలను తూర్పుకు మాత్రమే మళ్ళించమని విల్హెల్మ్ కోరినప్పుడు, రైళ్ళ ఏర్పాట్లతో ముడిపడిన ప్రణాళికను మార్చడం అసాధ్యమని సేనాని మోల్ట్కే బదులిచ్చాడు. అప్పటికి యుద్ధం అనివార్యమైనదని వాదించవచ్చు. అయితే ఆ అనివార్యత ప్రకృతి ధర్మం కాదు. వేరు మార్గం మిగలని ప్రణాళికను శాంతికాలంలో తీరికగా రచించి ఆమోదించినది మనుషులే. తన చేతులు తానే కట్టుకొన్నవాడు కట్ల కారణంగా నిర్దోషి కాడు. అతని దోషం కట్లు బిగించిన నాటికి జరుగుతుంది, అంతే.

1919 నాటి వెర్సాయ్ సంధి 231వ అధికరణం బాధ్యతను జర్మనీపైన, దాని మిత్రదేశాలపైన మోపింది. తరువాతి చరిత్రకారులలో కొందరు దానిని అన్ని రాజధానులకూ పంచారు. బాధ్యత పిత్రార్జితం వంటిది కాదు. వాటాదారులు పెరిగినకొద్దీ ఒక్కొక్కరి వంతు తరగదు. ఎవరి నిర్ణయానికి వారు పూర్తిగా బాధ్యులు. అందరి దోషమూ సమానమని దీని అర్థం కాదు. దోషాన్ని తూచవలసినది ఎవరికి ఏ ప్రత్యామ్నాయం అందుబాటులో ఉండెనో చూచి. కారణాల పట్టిక యుద్ధం ఎట్లా సాధ్యమైనదో చెబుతుంది. దానిని ఎవరు ఆపగలిగి ఆపలేదన్నది వేరొక ప్రశ్న. మొదటిదానికి జవాబు దొరికినంతమాత్రాన రెండవదానిని విడిచిపెట్టరాదు.