నేల వెల, నివాసము

తాను నివసింపవలసిన తావును ఎన్నుకొనునప్పుడు మనుష్యుడు దేనిని ప్రమాణముగా గైకొనవలెనను ప్రశ్న సంపన్నులకు విలాసముగను, నిరుపేదలకు అప్రస్తుతముగను తోచవచ్చును గాని, నెలజీతముపై బ్రతుకు కుటుంబములకు మాత్రము అది అద్దె పెరిగిన ప్రతి సంవత్సరమును ఎదుటికి వచ్చి నిలుచుచుండును. హైదరాబాదు నల్లకుంటలో ఒక అద్దె వాటాలో చిరకాలముగా కాపురముండి, గ్రంథములకు ప్రూఫులు దిద్దుచు, అనువాదములు చేయుచు జీవించుచున్న నాకును, ఆ చేరువనే ఒక పాఠశాలలో ఉపాధ్యాయినిగా నున్న నా భార్యకును ఈ ఏడు దానికి సమాధానము చెప్పక తప్పినది కాదు. ఎన్నడో ఒకనాడు ఇల్లు కొనగలమను ఆశతో ఈ నగరముననే అద్దె కట్టుచుండుటయా, లేక ఇండ్ల వెలలు తక్కువగా నున్న విజయనగరమునకు తరలిపోవుటయా? ఆ జిల్లా నా భార్య పుట్టినింటివారిది గనుక ఆ పేరే మా యింట ముందుగా వినవచ్చినది.

ముందు లెక్క చెప్పెదను. తత్త్వవిచారము లెక్కను దాటి పోవలసినదే గాని, లెక్కను తప్పించుకొని పోరాదని నా నమ్మకము. ఔటర్ రింగు రోడ్డు దాపున రెండు పడకగదుల ఫ్లాటు వెల 80 లక్షలని బిల్డరు తరఫు మనిషి చెప్పెను. బ్యాంకు అందులో నూటికి ఎనుబది వంతులు, అనగా 64 లక్షలు అప్పిచ్చినను, తక్కిన 16 లక్షలును, వానిపై రిజిస్ట్రేషను ఖర్చులును మా చేతినుండియే రావలెను. ఎనిమిదిన్నర శాతము వడ్డీకి ఇరువది సంవత్సరముల గడువు పెట్టుకొన్నచో నెలవాయిదా సుమారు 55,500 రూపాయలు; గడువు తీరునప్పటికి బ్యాంకునకు ముట్టునది కోటి ముప్పది మూడు లక్షలు. అట్టి ఫ్లాటునకే అద్దె ఇరువదివేలకు అటునిటుగా నున్నది. ఇంత సొమ్మునకు మనకు దక్కునది ఏది? గోడలు కాలక్రమమున శిథిలమగును. కడపట నిలుచునది దస్తావేజులో అవిభక్త వాటాయని వ్రాయబడు నలుబది, ఏబది గజముల నేల మాత్రమే. కావున మనము వెల కట్టుచున్నది ఇంటికన్న నేలకే అధికముగా.

ఆ నేలకు ఇంత వెల ఎచ్చటినుండి వచ్చినది? 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ లేఅవుటులో ప్రభుత్వపక్షమున వేలము వేసిన స్థలములలో ఒకటి ఎకరమునకు 100 కోట్ల 75 లక్షలు పలికినది. ఆ మన్నులో బంగారము లేదు, దానిలో పండు పంటయు లేదు. దానికి దారితీసిన రహదారియు, నీటిగొట్టములును, విద్యుత్తంతులును, చుట్టునున్న కార్యాలయములును, వానిలో పనిచేయు జనమును, ఆ జనమునకు వండిపెట్టి, పిల్లలకు చదువు చెప్పి, రోగమున సేవచేయు మరియొక జనమును కలిసి ఆ వెలను నిర్మించినారు. నేల విలువ యజమాని శ్రమవలన గాక సమాజము యొక్క ఉనికివలననే పెరుగునని అమెరికా దేశీయుడైన హెన్రీ జార్జి 1879లో ప్రకటించిన తన గ్రంథమున సుదీర్ఘముగా వాదించెను. నేల విలువపై ఆయన సూచించిన ఒకేయొక్క పన్ను సర్వరోగనివారిణి యగునో కాదో నేను చెప్పజాలను గాని, ఆయన చూపిన మూలము మాత్రము సత్యమని హైదరాబాదు నాకు నిరూపించినది. నర్సులును, బడిపంతుళ్లును, బస్సు డ్రైవర్లును లేనిచో ఈ నగరమున ఎవ్వరును నివసింపగోరరు. అయినను వారు కల్పించిన విలువయే వారిని ఏటేట ఒక్కొక్క మైలు వెలుపలికి త్రోయుచున్నది.

ఆ ఫ్లాటును చూడబోయిన నాడు, ప్రక్క బ్లాకులో సెంట్రింగు చెక్కలు విప్పుచున్న కూలీల మాటలో తన పుట్టినింటి యాస వినబడగా నా భార్య ఆగి, "ఏ ఊరు బాబూ మీది?" అని అడిగెను. "గజపతినగరం పక్కనండమ్మా. అక్కడ పనుల్లేవు, ఇలాగొచ్చేసినాం" అని వారిలో పెద్దవాడు చెప్పెను. వారి నివాసము ఆ ఆవరణలోనే వరుసగా వేసిన రేకుల షెడ్లు. గోడలును రేకులే, కప్పును రేకులే. ఒక షెడ్డు ముందు ఇటుకల పొయ్యిపై అన్నము ఉడుకుచుండెను. ఇరువది లీటర్ల ఖాళీ పెయింటు డబ్బాలలో నీళ్లు పట్టి ఉంచిరి. మేము కొనలేకపోవుచున్న ఇంటిని కట్టుచున్నవారు, మేము పోదలచిన జిల్లాలో పని దొరకక ఇచ్చటికి వచ్చినవారు. విజయనగరము మాకు చౌకయగుటకును, ఆ పెద్దవాడు రేకుల షెడ్డులో పండుకొనుటకును కారణము ఒక్కటే. ఆ ప్రాంతమున ఉపాధి క్షీణించినది; నెల్లిమర్ల మొదలగు చోట్ల జూటుమిల్లులు పలుమారులు మూతపడినవి; పనివారు పోయిన ఊరిలో అద్దెలు పెరుగవు. అంతవరకు చౌకదనమును నేను ఒక అదృష్టముగా భావించుచుంటిని. ఆనాటినుండి అది వేరొకరి లేమికి మరియొక పేరుగా కనబడసాగినది.

పిమ్మట విజయనగరము పోయి ఇల్లు చూచితిమి. అయ్యకోనేరు సమీపమున వీధి అరుగులు గల పాత డాబా ఇల్లది; పెరటిలో ఇనుప వల కప్పిన నుయ్యి, రెండు కొబ్బరిచెట్లు, గోడవెంబడి నందివర్ధనములు. క్రింది వాటాకు ఆ యింటి పెద్దాయన చెప్పిన అద్దె నల్లకుంటలో మేమిచ్చునదానిలో మూడవ వంతు. ఆయన మేడపైకి తీసికొనిపోయి రెండు గదులకు వేసిన తాళములు తీసి చూపెను. ఒక గదిలో చదువుకొను బల్లయు, దానిపై పదవ తరగతి గణితపుస్తకమును, గోడకు మేకుతో వ్రేలాడదీసిన పాత క్రికెట్టు బ్యాటును ఉన్నవి. "అబ్బాయిలిద్దరూ హైదరాబాదులోనే ఫ్లాట్లు కొనుక్కున్నారు బాబూ, ఇక రారు. ఇంట్లో నలుగురు తిరిగితే మాకూ ధైర్యంగా ఉంటాది" అని ఆయన పలికెను. కుమారుల నెలవాయిదాలు అచ్చట నేల వెలను పెంచుచుండగా తండ్రి ఇంటికి ఇచ్చట అద్దెదారు కరవైనాడు. ఇట్టి ఇండ్లు ఆ వీధిలో మరి కొన్ని యున్నవని ఆయనయే చెప్పెను.

దేశము మొత్తమునకు చూచినను ఈ వైపరీత్యమే. 2011 జనగణన ప్రకారము భారతదేశపు పట్టణములలో కోటి పది లక్షలకు పైగా ఇండ్లు ఖాళీగా నుండినవి. ఆ మరుసటి సంవత్సరమే కేంద్రప్రభుత్వము నియమించిన సాంకేతిక బృందము పట్టణములలో కోటి ఎనుబదియేడు లక్షలకు పైగా ఇండ్ల కొరత యున్నదని అంచనా వేసినది. ఇల్లు లేనివారును, మనుష్యులు లేని ఇండ్లును ఒకే దేశములో, తరచుగా ఒకే పురములో ఉండుట కేవలము ఇటుకల సిమెంటుల లోపమువలన గాదు. ఇల్లు నివాసమను భావము సడలి నిల్వధనమను భావము బలపడినచోట తాళము వేసిన గది కూడ యజమానికి లాభముగనే కనబడును.

చౌకనేలను వెదకుచు తరలిపోవుట తెలుగువారికి క్రొత్త గాదు. నిజాంసాగరము 1931లో పూర్తియైన పిమ్మట నిజామాబాదు ప్రాంతమునకును, 1953లో తుంగభద్ర ఆనకట్ట వెలసిన పిమ్మట సింధనూరు, గంగావతి ప్రాంతములకును కృష్ణా గోదావరీ మండలముల రైతులు వలసపోయిరి. డెల్టాలో ఒక ఎకరము అమ్మిన సొమ్మునకు అచ్చట పలు ఎకరములు వచ్చుచుండెను. క్యాంపులని పిలువబడు వారి ఊళ్లు నేటికిని కర్ణాటకమున తెలుగు మాటాడుచున్నవి. ఆ రైతుల సాహసమును, శ్రమను నేను హృదయపూర్వకముగా గౌరవింతును. మెట్టనేలను వరిమళ్లుగా మార్చినవారు వారు. కాని ఆ నేలను అమ్ముకొన్న స్థానికులలో కొందరు తరువాత ఆ పొలములలోనే కూలికి పోవలసివచ్చినదియు సత్యమే. అమ్మినవానికి ఆనాటి ధర ఎక్కువగానే తోచినది, కొన్నవానికి తక్కువగా తోచినది. నీరు వచ్చిన తరువాత గాని ఆ భేదము ఎవరి పాలబడెనో తేలలేదు. దేశమున ఎచ్చటనైనను నివసించుటకు రాజ్యాంగము 19వ అధికరణమున మనకు స్వేచ్ఛ నొసగినది. ఆ స్వేచ్ఛ మహత్తరమైనది. అయితే క్రొత్తగా వచ్చువాడు తెచ్చు సొమ్ముయొక్క బరువు ముందునుండి యున్నవానిపై ఎంత పడునో అందు వ్రాయబడలేదు. అది వచ్చువాని మనస్సాక్షికి విడువబడినది.

విజయనగరము జిల్లాలోని భోగాపురము దారిన పోవుచు నేనీ మాటనే తలంచుకొంటిని. విమానాశ్రయము వచ్చుచున్నదను వార్తతో ఆ రహదారికి ఇరుప్రక్కల చేలలో తెల్లరంగు హద్దురాళ్లును, ఎర్రమట్టి వీధులును, స్వాగతతోరణములును వెలసినవి. జీడిమామిడి తోటల నడుమ గజముల చొప్పున అమ్ముడైన ఆ స్థలములలో కాపురమున్న గడప ఒక్కటియు నాకు కనబడలేదు. ఒక ఏజెంటు మమ్ము ఆపి, "ఇప్పుడు కొని పడేయండి సార్, మూడేళ్లలో రెట్టింపు" అని చెప్పెను. ఆ రెట్టింపు నాకు లాభమైనచో విజయనగరములో పుట్టి పెరిగి అచ్చటనే ఇల్లు కట్టుకొనగోరు ఒక కాంపౌండరునకు, ఒక ఆటోడ్రైవరునకు అది నష్టము గాక మరేమి? నన్ను నల్లకుంటనుండి కదలించిన శక్తికే నేను విజయనగరములో చేయూతనిచ్చిన వాడనగుదును.

ఇంతవరకు నా విచారము నేలను గురించినది. అసలు ప్రశ్నను నా భార్య ఒక రాత్రి ఒక్క మాటలో అడిగెను: "మీ పని ఎక్కడ కూర్చున్నా చేసుకుంటారు. నా బడి నాతో రాదు కదండీ?" చౌకప్రదేశములను గురించి వ్రాయువారు సామాన్యముగా ఖర్చుల పట్టిక చూపుదురు, ఆ చౌక ఇంటిలో ఎవరి బ్రతుకుతెరువు తెగిపోవుచున్నదో చూపరు. చిన్న పట్టణమున అద్దె తగ్గినట్లే జీతమును తగ్గును. ఆమె ఇన్నేండ్ల అనుభవమునకు నల్లకుంటలో గౌరవము గలదు. తల్లులు వీధిలో ఆపి మాటాడుదురు. అచ్చట ఆమె మరల క్రొత్త టీచరు. 1985లో బొంబాయి పేవ్‌మెంటు నివాసుల విషయమైన ఓల్గా టెల్లిస్ వ్యాజ్యమున సర్వోన్నత న్యాయస్థానము, జీవించు హక్కులో జీవనోపాధి యిమిడియున్నదనియు, ఆ పేదలు పని చేరువగా నుండుటచేతనే ఆ కాలిబాటపై నివసించుచున్నారనియు గుర్తించినది. వారి దైన్యమునకును మా స్థితికిని పోలిక లేదు. నివాసమును పనినుండి విడదీసి చౌక, ప్రియము అని నిర్ణయింపరాదను న్యాయము మాత్రము ఇరువురికిని వర్తించును. హైదరాబాదు వెలలో నా భార్య ఉద్యోగము కూడ చేరియున్నది. దానిని ఆ రాత్రివరకు నేను లెక్కలో వేయలేదు.

మరియొక్క మాట. ఇల్లు వెదకునప్పుడు కులమును, ఆహారమును అడుగుట రెండు ఊళ్లలోను కలదు. శాకాహారులకు మాత్రమే అను టులెట్ బోర్డులు నల్లకుంటలోనే కోకొల్లలు. చిన్న పట్టణమున ఆ ప్రశ్న మొదటి వాక్యముననే వచ్చును. ఆ ప్రశ్నకు మేము చెప్పు సమాధానము విని యజమానులు తలుపు తెరచిరి. తలుపు తెరువబడని వారికి చౌక అద్దె యెంత చౌకయైనను ప్రయోజనము లేదు.

విడువవలసిన బడి ఆమెది గనుక మా నిర్ణయమును నా భార్యయే చేసెను. మేము పోదలచిన పట్టణమున ఆమె మూడు పాఠశాలలకు దరఖాస్తు పెట్టెను. ఒకదానిలో జూనునుండి పని కుదిరినది. జీతము ఇచ్చటికన్న తక్కువ. అయినను అద్దెలో మిగులునది ఆ లోటును పూడ్చి కొంత చేతిలో నిలుచును. కుదరనియెడల నల్లకుంటను విడువకుందుమని ముందే అనుకొంటిమి. అయ్యకోనేరు చెంత ఆ పెద్దాయన ఇంటనే అద్దెకుందుము. స్థలము కొనము. కొన్ని ఏండ్లు గడచిన తరువాత ఆ ఊరు మాదియైనట్లు తోచినచో, మేము కాపురముండుటకు ఒక ఇల్లు, ఆ ఒక్కటే, కొందుము.

చిన్న పట్టణములలో తాళము వేసిన ఇండ్లు గల పాఠకులు ఎందరో ఉందురు. మీరు మరల ఆ ఇంటికి పోవుట లేదని మీకు నిశ్చయముగా తెలిసినచో, దానిని ఈ వేసవిలోనే బాగుచేయించి, న్యాయమైన అద్దెకు, కులము అడుగక, ఆ ఊర కాపురముండువారికే ఇండు.