పక్కవాడి పేరుతో మైత్రీ భావన

ధ్యానం మానేసి ఎన్నాళ్లో అయింది, ఏ ముఖం పెట్టుకుని మళ్లీ కూర్చోవాలి అని వెనకాడేవాళ్లు మనలో ఎందరో. అలాంటివాళ్లు ఈ ఉదయం కంబోడియా భిక్షువు మహా ఘోసానందను తలచుకోవాలి.

బీహార్‌లోని నలందలో చదువుకున్న ఆయన, 1975 ఏప్రిల్‌లో కమ్యూనిస్టు ఖ్మేర్ రూజ్ సేనలు రాజధాని ఫ్నాంపెన్‌ను పట్టుకునేనాటికి థాయ్‌లాండ్‌లో ఒక అరణ్య విహారంలో ఉన్నారు. ఆ తర్వాతి నాలుగేళ్లలోపే వాళ్ల పాలనలో సుమారు 17 లక్షల మంది చనిపోయారు. ఆయన ఇంటివాళ్లు కూడా ఆ మారణకాండలోనే పోయారు. భిక్షువుల చేత కాషాయం విప్పించారు. విహారాలను గిడ్డంగులుగా, జైళ్లుగా వాడుకున్నారు. రాజధానిలోని కతోలిక కెథడ్రల్‌ను నేలమట్టం చేశారు. చామ్ ముస్లింల ఖురాన్ ప్రతులను తగలబెట్టారు, వాళ్ల చేత బలవంతంగా పంది మాంసం తినిపించారు. ఏ దేవుడికి మొక్కేవాడికైనా అక్కడ ఒకటే గతి పట్టింది.

ఆ పాలన కూలాక, 1979 చివర్లో థాయ్ సరిహద్దు దగ్గర సా కేవో శిబిరం తెరిచారు. ఆకలితో, జ్వరాలతో ఎముకల గూళ్లయిన మనుషులు వేలల్లో వచ్చిపడ్డారు. చంపినవాళ్లూ, తమవాళ్లను పోగొట్టుకున్నవాళ్లూ ఆ శిబిరంలో కలిసే ఉన్నారు. ఘోసానంద అక్కడికి వెళ్లి, మైత్రిని బోధించే బౌద్ధ పాఠమైన మెత్త సుత్తం అచ్చువేసిన చిన్న కాగితాలు పంచుతూ వాళ్ల మధ్య నడిచారు. ఏళ్ల తర్వాత కాషాయం కంటపడేసరికి జనం నేలమీద సాగిలపడి బావురుమన్నారు. మంత్రాలు మరిచిపోయామనో, శీలం తప్పామనో వాళ్లెవరూ ఆగలేదు. సాధనకు తిరిగి రావడానికి అంతకంటే పెద్ద అర్హత అక్కర్లేదని నా నమ్మకం.

ఆయన చేతిలోని ఆ సుత్తం బలమున్న ప్రాణుల్నీ లేనివాటినీ, దగ్గరున్నవాటినీ దూరాన ఉన్నవాటినీ, కంటికి ఆననివాటినీ కూడా లెక్కలోకి తీసుకుంటుంది. ఆ లెక్కలో ఎక్కడా మతం ఊసు లేదు. ఘోసానంద దాన్ని అలాగే ఆచరించారు. 1980లో పీటర్ పాండ్ అనే క్రైస్తవ పాస్టరుతో కలిసి కంబోడియా శాంతి కోసం సర్వమత సంస్థ పెట్టారు. 1992లో ఆయన ముందు నడవగా థాయ్ సరిహద్దు నుంచి ఫ్నాంపెన్ దాకా సాగిన ధర్మయాత్రకు ఏర్పాట్లు చూసినవాళ్లలో ఒక జెస్యూట్ బ్రదర్ ఉన్నారు. మందుపాతరలున్న ప్రాంతాల గుండా ఆ నడక సాగింది. ఊళ్లలో ముసలివాళ్లు బకెట్లతో నీళ్లు పెట్టుకుని రోడ్డు పక్కన ఎదురుచూసేవారు. భిక్షువులు ఆ నీళ్లే వాళ్ల తలలమీద చల్లి దీవించి ముందుకు సాగేవారు.

అన్ని మతాలూ ఒకటేనని ఇక్కడ ఎవరూ తీర్మానించలేదు. పాస్టరు పాస్టరుగానే ఉన్నాడు, భిక్షువు భిక్షువుగానే ఉన్నాడు. ఏడుస్తున్న మనిషి ముందు ఇద్దరూ కలిసి నిలబడ్డారు. మనకు కష్టమనిపించేది కూడా ఆ నిలబడడమే. పండుగకు మిఠాయిలు పంచుకుంటాం, సంతోషమే. కానీ పక్కింట్లో వేరే మతంవాళ్లకు కష్టమొచ్చిన రాత్రి తలుపు తడతామా?

ఈరోజు ఐదు నిమిషాలు చాలు. వెన్ను నిటారుగా పెట్టి కూర్చోండి, ఊపిరి నెమ్మదించనివ్వండి. నేను క్షేమంగా ఉండాలి అని మొదలుపెట్టి, ఇంట్లోవాళ్లను తలచుకోండి. మిమ్మల్ని బాధపెట్టిన మనిషి గుర్తొస్తే అతని క్షేమమూ కోరండి. మనసు ఒప్పకపోతే రేపటికి వదిలేయండి, బలవంతం వద్దు. ఆ తర్వాత మీ వీధిలో మరో మతానికి చెందిన ఒక మనిషిని పేరుపెట్టి తలచుకుని, ఆ ఇల్లు చల్లగా ఉండాలని కోరుకోండి. పేరు తెలియకపోతే సాయంత్రంలోగా వెళ్లి అడగండి.