ప్రతిజ్ఞయు, అంతఃకరణమును

పాఠశాలలో ప్రార్థనాసమయమున బాలబాలికలు కుడిచేయి ముందునకు చాచి ఏకకంఠమున పఠించెడి జాతీయప్రతిజ్ఞ తెలుగువాని లేఖినినుండి వెలువడినదని యెఱుంగనివారు తెలుగునాటనే పెక్కుమంది కలరు. నల్లగొండ జిల్లా అన్నెపర్తిలో జన్మించిన పైడిమఱ్ఱి వెంకట సుబ్బారావుగారు విశాఖపట్టణమున ఖజానా అధికారిగా నుండగా, చీనాతో యుద్ధము వచ్చిన 1962వ సంవత్సరమున, దీనిని తెలుగున రచించిరి. 1965 జనవరి 26 మొదలుగా ఇది దేశమందలి పాఠశాలలలో ఆచరణలోనికి వచ్చెను. దేశీయులయెడ సోదరభావమును, బహువిధమైన వారసత్వమునెడ అభిమానమును, గురువులయెడను పెద్దలయెడను గౌరవమును బోధించు నీ వాక్యములలో ఆక్షేపింపదగిన మాట నాకొక్కటియు కానరాదు.

నా సందేహమెల్ల, ప్రతిజ్ఞ యనునది ఒకరు విధింపగా మఱియొకరు చేయదగినదేనా యనుటయే. భీష్ముడు దాశరాజు నెదుట భీషణమైన ప్రతిన పూనినపుడు తండ్రి యాజ్ఞాపింపలేదు సరికదా, శంతనుడు తన మనోవ్యథకు కారణమును కుమారునకు విప్పి చెప్పనైన లేదు. దేవవ్రతుడు దానిని తానై స్వీకరించుటచేతనే ఆ వ్రతమునకంతటి బలము వచ్చినది. పదునెనిమిది యేండ్లు నిండని బాలుని చేవ్రాలుతో గజము నేలయైన విక్రయము కానేరదని శాసించిన మన న్యాయము, ఆఱేండ్ల పసివాని నోట వెలువడిన మాటను యావజ్జీవవ్రతముగా నెట్లు గణింపగలదు? కావున బాలుడు పలుకునది ప్రతిజ్ఞకు శిక్షణ మాత్రమే. అట్టి శిక్షణ వలదని నేననను. చిన్ననాట అర్థము తెలియకయే కంఠస్థమైన పద్యము పెద్దైన పిమ్మట మనసునకు పట్టుట మనమెల్లరము ఎఱిగినదే.

అయితే, తన విశ్వాసము అడ్డుపడుటచే పలుకనొల్లని బాలునిపట్ల మన కర్తవ్యమేమి? ప్రతిజ్ఞను గూర్చి కాకపోయినను, జాతీయగీతమును గూర్చి యీ ప్రశ్న కేరళమున నుదయించెను. యెహోవా సాక్షుల మతమునకు చెందిన ముగ్గురు పిల్లలు, తోడివారు జనగణమన పాడునపుడు వినయముతో లేచి నిలుచుచునే, తమ మతనిష్ఠచే గళము కలుపక మౌనము వహించిరి. 1985లో వారిని పాఠశాలనుండి తొలగించిరి. హైకోర్టు వారి మొర నాలింపలేదు. 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు, తెలుగువారైన న్యాయమూర్తి ఓ. చిన్నపరెడ్డిగారు వెలువరించిన తీర్పులో, గీతము పాడి తీరవలెనని నిర్బంధించు చట్టమేదియు లేదనియు, గౌరవముతో లేచి నిలిచినవారు గీతమును అవమానించినవారు కారనియు, ఆ తొలగింపు వాక్స్వాతంత్ర్యమునకును మతస్వాతంత్ర్యమునకును భంగకరమనియు నిర్ణయించి, పిల్లలను మరల చేర్చుకొనుడని ఆదేశించెను.

ఈ తీర్పు దేశభక్తికి లోపము తెచ్చినదనువారితో నేనేకీభవింపజాలను. దండనభయముచే, లోన నొల్లని మాటను వెలికి పలుకుటకు అలవాటుపడిన బాలుడు దేశభక్తికంటె ముందు అసత్యమును అభ్యసించుచున్నాడు. దైవభీతిచే మౌనముగా నిలిచినవాడు తానెఱిగిన సత్యమును పాటించుచున్నాడు. బహువిధమైన వారసత్వమును చూచి గర్వింపుమని బోధించు ప్రతిజ్ఞలోనే ఆ మౌనమునకును చోటున్నది.

ఉపాధ్యాయులకు నా విన్నపమిది: ప్రతిజ్ఞను పఠింపజేయుడు, వారమునకొక్కమాఱైనను అందలి యొక వాక్యమును పిల్లలకు వివరించి చెప్పుడు, వారిని ప్రశ్నింపనిండు, మౌనముగా నిలిచిన బిడ్డ యెవరైన నున్నచో, ఆ బిడ్డను వరుసనుండి వెలివేయకుడు.