ఒడి, బెల్టు

"ఏటే, నా ఒల్లోన ఉంటే పడిపోతాడేటి?" అంది అమ్మ.

బాబుకి మూడో నెల వచ్చింది. పురుడు పూర్తయి పుట్టింటి నుంచి విశాఖపట్నం బయల్దేరే రోజు. మాది మందస దగ్గర పల్లె. వాకిట్లో కారు, వెనక సీటులో ఒక కిటికీ వైపు బాబు సీటు, రెండో కిటికీ వైపు పాప సీటు. అమ్మ బాబుని పొత్తిళ్ళలో చుట్టి రెడీ చేసింది. నేను ఆ పొత్తిళ్ళు విప్పడం మొదలుపెట్టాను. రెండు కాళ్ళ మధ్య నుంచి బెల్టు రావాలంటే చుట్టిన గుడ్డ తీసేయాల్సిందే.

"పెయ్యదూడని గుంజకి కట్టినట్టు కట్టేస్తారేటి గుంటడిని?"

నేను చట్టం అన్నాను. 2019 సవరణ తర్వాత, పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని బెల్టుతోగానీ చైల్డ్ సీటుతోగానీ కట్టకుండా కారు నడిపితే వెయ్యి రూపాయల జరిమానా అన్నాను. అమ్మ నవ్వింది. ఆ రోడ్డు మీద అలా జరిమానా కట్టినవాళ్ళని తను చూడలేదు, నేనూ చూడలేదు.

నిజానికి ఆ సీట్ల గురించి నేను రెండు నెలలు చదివాను. బాలింత కళ్ళతో ఫోను చూడొద్దని అమ్మ తిడుతున్నా చదివాను. ఏ ప్రశ్నకైనా నా దగ్గర జవాబుంది. పసిబిడ్డను వెనక్కి తిప్పి ఎందుకు కూర్చోబెట్టాలి? ఒంటితో పోలిస్తే తల బరువు, మెడ లేత. కారు గుద్దుకుంటే ఆ దెబ్బని సీటు వీపు మొత్తం కాచుకోవాలి, మెడ ఒక్కటీ కాదు. కొత్త యూరప్ ప్రమాణం ప్రకారమైతే కనీసం పదిహేను నెలల వరకు వెనక్కే. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2018లో వయసు లెక్కే తీసేసి, ఆ సీటు మోయగలిగినంత కాలం వెనక్కే ఉంచమంది. ముందు సీటులో, ఎయిర్‌బ్యాగ్ ఎదురుగా, వెనక్కి తిప్పిన సీటు ఎప్పుడూ పెట్టకూడదు. భుజం దగ్గర బెల్టుని రెండు వేళ్ళతో గిల్లితే మడత పడకూడదు. ఇవన్నీ వచ్చు. "నా ఒల్లోన ఉంటే" అన్నదానికి మాత్రం అమ్మ మొహం చూస్తూ చెప్పగలిగే జవాబు లేదు.

లెక్క అయితే ఉంది. యాభై కిలోమీటర్ల వేగంతో పోయే కారు దేన్నైనా గుద్ది ఆగడానికి సెకనులో పదోవంతు కూడా పట్టదు. ఆ క్షణంలో ఆరు కిలోల బాబుని పట్టుకుని ఉండాలంటే చేతులు వంద కిలోలకు పైగా బరువుని ఆపాలి. ఏ అమ్మ చేతులూ ఆపలేవు. కానీ అమ్మ అడిగింది చేతుల బలం గురించి కాదు కదా.

ఇది మన పల్లెల్లో మాత్రమే వచ్చిన తగువు కాదు. పిల్లలకి కారు సీటు తప్పనిసరి చేసిన మొదటి రాష్ట్రం అమెరికాలో టెన్నెసీ. రాబర్ట్ శాండర్స్ అనే పిల్లల డాక్టరు పట్టుబట్టి సాధించిన ఆ చట్టం 1978లో అమల్లోకి వచ్చింది. అందులోనూ ఒక మినహాయింపు చేర్చారు: పెద్దవాళ్ళు చేతుల్లో పట్టుకుంటే సీటు అక్కర్లేదు. ఆ డాక్టరు దానికి పిల్లల్ని నలిపేసే సవరణ అని పేరు పెట్టాడు. అది తీసేయడానికి 1981 దాకా పట్టింది. చట్టం చేసేవాళ్ళకి కూడా అమ్మ ఒడి సరిపోదు అని రాతపూర్వకంగా ఒప్పుకోవడం కష్టమైంది.

మా అమ్మ ఒడి ఏమిటో నాకు తెలుసు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటిన రాత్రి, బయట కొబ్బరిచెట్లు ఒక్కొక్కటీ కూలుతుంటే, అన్నయ్య పిల్లలిద్దరూ ఆ ఒడిలోనే తల దాచుకున్నారు. ఇంటి రేకులు ఎగిరిపోయాయి. పిల్లలు మాత్రం నిద్రపోయారు. ఒడి భయాన్ని ఆపగలదు. అది నడిచే మనుషుల కాలంలో, మహా అయితే ఎడ్లబండి కాలంలో పుట్టింది. నేషనల్ హైవే పదహారు మీది వేగానికి అది సరిపోకపోతే అది ఒడి తప్పు కాదు. ఈ మాట అప్పుడు తట్టలేదు, తర్వాత తట్టింది.

అప్పుడు అమ్మ ఇంకో మాట కూడా అంది. "మిమ్మల్ని నలుగురినీ ఒల్లోనే పెంచినాను. ఎవులికేటి అవనేదు."

ఈ వాదన బలం అంతా మిగిలినవాళ్ళు చెప్పడంలోనే ఉంది. ఏదో అయినవాళ్ళు చెప్పడానికి లేరు. తత్వవేత్త థామస్ నేగల్ 1976లో ఒక ట్రక్కు డ్రైవరు ఉదాహరణ ఇచ్చాడు. బ్రేకులు చూపించుకోకుండా బండి తీశాడు, బిడ్డ ఎదురొచ్చింది. అదే నిర్లక్ష్యంతో బయల్దేరిన ఇంకో డ్రైవరుకి ఎవరూ ఎదురు రాలేదు. మొదటివాడు జన్మంతా కుములుతాడు, రెండోవాడు ఇంటికెళ్ళి అన్నం తింటాడు. తేడా అదృష్టంలో ఉంది. ఒడిలో పెరిగి బతికిన మేం నలుగురం అమ్మ జాగ్రత్తకి సాక్ష్యం కాదు, ఎవరూ ఎదురు రాకపోవడానికి సాక్ష్యం. కానీ అమ్మకి తెలియదు. నాకు తెలుసు. అందుకే అదే పని అమ్మ చేస్తే ప్రేమ అవుతుంది, నేను చేస్తే మాత్రం నిర్లక్ష్యం అవుతుంది.

తెలియడం, తెలియకపోవడం అనే తేడా ఉద్దానంలో పుట్టినవాళ్ళకి కొత్త కాదు. మా నాన్నకి డయాలసిస్. దశాబ్దాలుగా ఇక్కడి కిడ్నీ జబ్బుకి కారణం వెతుకుతున్నారు. నీళ్ళన్నారు, సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో ఒంట్లో నీరు తగ్గడం అన్నారు. ఇదీ అని తేలలేదు. తేలకపోయినా హిరమండలం రిజర్వాయరు నుంచి ఏడువందల కోట్లతో మంచినీళ్ళ పైపులు వేశారు. 2023 డిసెంబరులో పలాసలో రెండు వందల పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. కారణం తెలియకుండానే, ముందు నీళ్ళు మారుద్దాం అనుకున్నారు. అది సరైన పనే. మరి కారణం తెలిసి, మందు తెలిసి, అది బజార్లో దొరుకుతున్నప్పుడు చేయకపోతే దాన్ని ఏమనాలి?

ఇంతవరకు నా వైపు వాదన. ఇక నాకు ఇబ్బంది కలిగించే భాగం.

సీట్లు ఎంచుకోవడం అంటే నమ్మకాలు తగ్గించుకుంటూ పోవడం. ఆఫీసులో ఒక స్నేహితురాలు తన పాప సీటు ఊరికే ఇస్తానంది. ఒకసారి యాక్సిడెంట్ అయిన సీటు మళ్ళీ వాడకూడదు, లోపలి పగులు పైకి కనిపించదు. "ఎప్పుడూ ఏం అవలేదు" అని తను చెప్పింది. నేను వద్దన్నాను. తన మాట నమ్మలేదని తనకి అర్థమైంది. చివరికి పాప పాత సీటే బాబుకి ఉంచి, పదమూడు కిలోలు దాటిన పాపకి ముందుకి తిరిగే కొత్తది కొన్నాం. "కొత్తది పసివాడికి కదా కొనాలి" అని అందరూ అన్నారు. ఆ పాత సీటు చరిత్ర మొత్తం నాకు తెలుసు, అందుకే పసివాడికి అది.

ఆ రోజు నాన్నకి పలాసలో డయాలసిస్ ఉంది. ఎప్పుడూ అయితే అందరం ఒకే కారులో వెళ్ళి, ఆసుపత్రి దగ్గర వాళ్ళని దింపి ముందుకెళ్ళేవాళ్ళం. రెండు సీట్లు బిగించాక వెనక మిగిలింది జానెడు చోటు. ముందు సీటులో నాన్న. మధ్యలో ఇరుక్కుని నేను, మా పాత కారులో అక్కడ నడుముకి పెట్టుకునే బెల్టే ఉంది. అమ్మకి చోటు లేదు.

ఆటోలో నేను వస్తానన్నాను. "పాలు తాగే గుంటడిని ఒగ్గీసి నువ్వు ఆటోలో రావడమేటి" అని అమ్మే ఎక్కేసింది, జీడిపిక్కల పనికి కాశీబుగ్గ వెళ్ళే ఆడవాళ్ళతో, చంకలో నాన్న ఆసుపత్రి సంచీతో. ఆ ఆటోలో వెనక బెల్టులు లేవు. ఒకామె ఒళ్ళో ఏడాది బిడ్డ ఉంది. నా కారు సీటు ఉచితంగా ఇచ్చినా ఆమె వాడుకోలేదు, బిగించడానికి ఆ బండిలో ఏమీ లేదు. నేను కొన్నది ప్లాస్టిక్ సీటు ఒక్కటే అనుకున్నాను. దాని వెనక కారు, కారులో బెల్టు, చదివే తీరిక, చదివింది అర్థమయ్యే చదువు అన్నీ ఉన్నాయి.

అందుకని బాబుని విప్పేయాలా? అక్కర్లేదు. నా బిడ్డకి బెల్టు తీసేస్తే ఆ బిడ్డకి బెల్టు రాదు. కానీ దీన్ని మంచి పెంపకం అనడం మానేశాను. పిల్లల పెంపకం గురించి రాసే చాలామంది ఆ గొంతుతోనే మాట్లాడతారు: నిజంగా ప్రేమ ఉంటే కడతారు అన్నట్టు. ఆటోలో ఆ తల్లి బిడ్డని ఎంత గట్టిగా పట్టుకుందో నేను చూశాను. ఆమెకి తక్కువైంది ప్రేమ కాదు, సీటు బిగించుకునే బండి. నా ఇద్దరి క్షేమం కోసం మా అమ్మని బెల్టు లేని బండి ఎక్కించిన నాకు, ఇంకొకరి జాగ్రత్తని తూచే హక్కు ఎక్కడిది?

పలాసలో మేం ముందు చేరాం. ఆటో వచ్చేదాకా అరగంట నేను రోడ్డు వైపే చూశాను. నేను లెక్కలు చెప్పిన వేగం, దెబ్బ అన్నీ ఆ అరగంట అమ్మ మీదే వేసుకుని చూశాను. తను దిగి, నాన్న చెయ్యి పట్టుకోబోయే ముందు కారు దగ్గరికి వచ్చింది. బాబు నిద్రపోతున్నాడు. అమ్మ తలుపు తీసి, వాడి భుజం దగ్గర బెల్టు కింద వేలు పెట్టి చూసింది.

"ఇది వదులుగా ఉన్నట్టుందే, సూడు" అంది.

ఉంది. దారిలో వాడు ఏడిస్తే మనసొప్పక నేనే వదులు చేశాను. మళ్ళీ బిగించడం మరిచిపోయాను.